పాయింట్లు రాని శత్రువులు

శత్రువుల్ని ఏరికోరి తెచ్చుకునే ఆట ఒకటుంది. తెచ్చుకున్నందుకు ఎదురు పాయింట్లిస్తారు. మా పల్లెలో పుట్టినవాళ్లకి శత్రువుల్ని ఎంచుకునే పని ఎప్పుడూ పడలేదు. మేం పుట్టకముందే వాళ్లు తయారుగా ఉన్నారు. పాయింట్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ ఆ ఆట పుస్తకం తెచ్చాడు. పేరు గర్ప్స్. అమెరికాలో స్టీవ్ జాక్సన్ గేమ్స్ వాళ్లు 1986లో తెచ్చారు. 2004లో నాలుగో కూర్పు వచ్చింది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్రని తయారుచేసుకుని, ఆ మనిషిలాగే మాట్లాడతారు. గెలుపోటములు పాచికలు చెబుతాయి.

పాత్రని తయారుచేయడమంటే సంతకి పోయినట్టే. మామూలు వీరుడికి 150 పాయింట్లిస్తారు. బలం, తెలివి, డబ్బు, హోదా, అన్నిటికీ రేటుంది. లోపాలు రాసుకుంటే పాయింట్లు వెనక్కొస్తాయి.

మిత్రుడికీ రేటుంది. మనకి సమానమైన సత్తా ఉన్నవాడు 5 పాయింట్లు. ఒకటిన్నర రెట్లు సత్తా ఉన్నవాడు 10. అది ఒట్టి అసలు రేటే. కథ మొదట్లో మూడు పాచికలు వేస్తారు. మొత్తం 9కి మించకపోతేనే అసలు రేటు మిత్రుడు వస్తాడు. 12 దాకా పడినా రావాలంటే రేటు రెట్టింపు. 15 దాకా అంటే మూడింతలు. లెక్కల మాస్టార్ని గదా, లెక్కేశాను. అసలు రేటు మిత్రుడు 216 సార్లలో 81 సార్లే వస్తాడు. మూడింతలు పోసి కొన్నవాడు కూడా 10 సార్లు మొహం చాటేస్తాడు.

శత్రువుదీ ఇదే పద్ధతి, పాయింట్లు మాత్రం మన చేతికొస్తాయి. మనకన్నా తక్కువవాడు ఒక్కడైతే 5, సమానుడైతే 10, ఇరవై మంది దాకా గుంపయితే 20, వెయ్యిమంది దాకా అయితే 30, ప్రభుత్వమే పగబడితే 40.

తమ్ముడు ఇంకో పేజీ తీశాడు. "అన్నా, ఇది మన పేజీ" అన్నాడు. సోషల్ స్టిగ్మా అని ఉంది. సంఘం వేసే మచ్చ. రెండో తరగతి పౌరుడికి 5, చిన్నచూపుకి గురయ్యే మైనారిటీకి 10, ఏలేవాళ్ల కింద బానిసలుగా పడున్న జాతికి 20. శత్రువు రావాలంటే పాచికలు వెయ్యాలి. మచ్చకి పాచికల్లేవు. అది ఎప్పుడూ ఉంటుంది. ఆట రాసినవాళ్లకి ఆ సంగతి తెలుసు.

పక్కనే బియ్యం ఏరుతున్న అమ్మ, "పాయింట్లంటే ఏందిరా?" అంది.

"పడబోయే కష్టానికి ముందే ఇచ్చే కూలమ్మా" అన్నాడు తమ్ముడు.

"ముందే ఇత్తారా? మనకి పని చేసినాక గూడా ఇయ్యలా."

ఆ ఆటలో పోషకుణ్ణి కూడా కొనుక్కోవచ్చు. మా అయ్యకి ఒక ఆసామి ఉండేవాడు. నా డిగ్రీ ఫీజుకి అప్పిచ్చాడు. ఆయన పుణ్యాన చదివానని ఇప్పటికీ ఊళ్లో అంటారు. ఆ పుణ్యం రేటు ఎవరూ చెప్పరు. అయ్య రెండేళ్లు ఆయన కొట్టంలో జీతం లేకుండా పేడెత్తాడు. మా ఇంట్లో ఓట్లన్నీ ఆయన చెప్పిన గుర్తుకే పడ్డాయి. ఉద్యోగమొచ్చాక కూడా ఆయన అరుగు కింద నిలబడే మాట్లాడాలి. పుస్తకంలో అయితే రేటు పక్కనే అచ్చయి ఉండేది.

డీఎస్సీలో నా పేరొచ్చినప్పుడు, "మీకేం, కోటా ఉంది" అన్నవాళ్లు చాలామంది. బల్ల దగ్గర బానిసజాతి పాత్ర రాసుకున్నవాణ్ణి, నీకు 20 ఊరికే వచ్చాయని ఎవరూ అనరు. మచ్చా, దానికొచ్చిన పాయింట్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. బయటి లోకం మా కాగితంలో సగమే చదువుతుంది. ఆట లెక్క కూడా మాకు పూర్తిగా సరిపోదు. రిజర్వేషన్ కష్టానికి కూలి కాదు. ఈ దేశంలో మా వాటా.

మరి మిత్రుల సంగతి? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాలకొచ్చి తలదాచుకున్నారు. అక్కడే దళిత మహాసభ పుట్టింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవి వదులుకున్నారు. చీరాల శిబిరంలో కూర్చున్నవాళ్ల దగ్గర ఆయన్ని కొనడానికి ఏమీ లేదు. తన చేతిలో ఉన్నది ఆయనే ఖర్చుపెట్టారు.

మా బళ్లో మధ్యాహ్న భోజనం వండటానికి మా పల్లె ఆమెని పెట్టారు. ఈ పనిలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అయినా మొదటిరోజే కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. ఆమెని మార్చాలని ఊరి పెద్దలు బడికొచ్చారు. "నేనెప్పుడూ మీవైపే మాస్టారూ" అని స్టాఫ్‌రూములో రోజూ అనే సహోద్యోగి ఆ రోజు సీఎల్ పెట్టాడు. ఆయన టీలకి, ఆయన జోకులకి నవ్విన నవ్వులకి నేను చాలా పాయింట్లే పోశాను. పాచికలు 9 దాటినట్టున్నాయి.

మా అటెండరు చాకలి కులమాయన. నాతో రెండు మాటలు కలిపి మాట్లాడిందే లేదు. పెద్దలు చూస్తుండగానే కంచం తెచ్చుకుని ఆమె ముందు కూర్చున్నాడు. "పప్పు ఇంకో గరిటె వెయ్యమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఊళ్లో రెండిళ్లవాళ్లు ఆయనకి బట్టలెయ్యడం మానేశారు. ఆయన ఇంటికి వచ్చే గింజలు ఆగిపోయాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ సభలకొచ్చి భుజం తట్టేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లని కాదనక్కర్లేదు. మనతో నిలబడ్డందుకు ఎవరింట్లో గింజలు ఆగాయో కూడా చూడండి. అటువంటి ఇంటికి మనం ముందు పోవాలి. మేం పల్లెవాళ్లం ఇప్పుడు మా బట్టలు ఆయనకే వేస్తున్నాం. రొక్కంగా, పనికి ముందే ఇస్తున్నాం.