రెక్కల పిల్లి కింద డ్రాగన్ కాగితం

రెడ్‌మండ్,
ఏప్రిల్ నెల

బావా,

మీ చెల్లెలికి చలి తప్ప వేరే కంప్లయింటు లేదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఫోన్లో చెబితే సగంలోనే నవ్వేసి పెట్టేస్తావు, అందుకే కాగితం పట్టాను.

ఈస్టర్ సెలవుల్లో ఇక్కడి విమానాశ్రయం పక్కన, సీటాక్‌లో, ఒక పెద్ద హోటల్ నిండా జనం దిగుతారు. నార్వెస్‌కాన్ అంటారు. సైన్స్ ఫిక్షన్, మాయలు మంత్రాల కథలు పిచ్చిగా చదివేవాళ్ల జాతర అనుకో. 1978లో మొదలైందట. నేను లిఫ్ట్ ఎక్కేసరికి లోపల మేక కొమ్ములు పెట్టుకున్న పెద్దాయన, ఆయన వెనకాల గుడ్డ రెక్కలు ముడుచుకుని గోడకి ఒదిగిన ఒకావిడ. తలుపులో పడకుండా రెక్క లోపలికి లాక్కుని, ఏ అంతస్తుకి వెళ్లాలని నన్ను మర్యాదగా అడిగింది. నా వేషమేమో లాల్చీ, పైజమా, పైన స్వెట్టర్, నెత్తిన మంకీ క్యాప్. నేను ఏ కథలో పాత్రనో అని ఆవిడ ఆలోచించి ఉంటుంది.

ఇదంతా కోడలి పని. "ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే ఏమొస్తుంది మామయ్యా, అక్కడ గోడలకి బొమ్మలు తగిలించే మనుషులు కావాలట" అని నా పేరు ఇచ్చేసింది. పొద్దున్నే 545 బస్సెక్కి సియాటిల్, అక్కడ రైలెక్కి సీటాక్. జాతర నడిపే పెద్దల దగ్గర్నుంచి కుర్చీలు సర్దే కుర్రాడి దాకా అందరిదీ జీతం లేని కొలువే. అందులో నాకు వింతేమీ కనిపించలేదు. మన ఊళ్లో సంధ్య థియేటర్ దగ్గర రాత్రంతా కటౌట్‌కి తాళ్లు కట్టి, పొద్దున బెనిఫిట్ షోకి సొంత డబ్బుతో టికెట్ కొన్న కుర్రాళ్లని మనం చూడలేదా? వింతంతా బొమ్మల గదిలో ఉంది.

గది నిండా వరసలుగా నిలబెట్టిన చిల్లుల చెక్కలు, పక్కన డబ్బాలో ఇనుప కొక్కేలు. చిత్రకారులు చెక్కకి ఇంత అని అద్దె కట్టి చోటు తీసుకుంటారు. కొందరు బొమ్మలు చంకన పెట్టుకుని వస్తారు, కొందరు పార్సెల్లో పంపుతారు. నాకు మొదట అప్పజెప్పింది పార్సెళ్లు విప్పడం. నేను అట్టపెట్టెని మన అలవాటు ప్రకారం చించబోతే, ఆ పని చూసే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. టేపు మాత్రమే కొయ్యాలి. లోపలి బుడగల కవరు, అట్టముక్కలు, ఉండ చుట్టిన కాగితాలతో సహా మళ్లీ అదే పెట్టెలో వేసి, చిత్రకారుడి పేరు బయటికి కనిపించేలా బల్ల కింద పేర్చాలి. ఆదివారం అమ్ముడుపోని బొమ్మ మళ్లీ ఆ పెట్టెలోనే ఇంటికి పోవాలి కదా! చెత్తని ఇంత భక్తిగా దాచడం నేను ఎక్కడా చూడలేదు.

తర్వాత ప్రతి బొమ్మనీ జాబితాతో సరిచూడాలి. వరస నంబరు, పేరు, ఏ రంగులతో వేశారు, కనీస ధర ఎంత, లేదా అమ్మకానికి కాదా. ఫ్రేముకి గీత పడి ఉంటే తగిలించక ముందే రాసుకోవాలి. బొమ్మ కింద ఒక కాగితం వేలాడుతుంది. కొనదలచినవాళ్లు అందులో తమ నంబరు, ఇచ్చే సొమ్ము రాస్తారు. తర్వాతివాడు దాని కింద ఇంకా ఎక్కువ రాస్తాడు. అరుపుల్లేని వేలం. ఎక్కువమంది రాసిన బొమ్మలు చివర్లో నోటి వేలానికి వెళతాయి.

అక్కడే నేను బోల్తాపడ్డాను. రెక్కలున్న పిల్లి బొమ్మ ఒకటి, పక్కన డ్రాగన్. కాగితాలు తారుమారు చేసి తగిలించాను. పిల్లి చిన్నది, చవక. డ్రాగన్ తైలవర్ణ చిత్రం, పది రెట్లు ఖరీదు. ఒక అమ్మాయి పిల్లి ధర చూసి కళ్లు తేలేసి, కాసేపు నిలబడి, నా దగ్గరికొచ్చి, "పిల్లికి మరీ ఇంతా?" అంది. అప్పటికి ఎవరూ ఏమీ రాయలేదు కాబట్టి బతికిపోయాను. పెద్దావిడ పల్లెత్తు మాట అనలేదు. నంబర్లు మళ్లీ సరిచూసి, కాగితాలు మార్చి, పక్కన సంతకం పెట్టింది. తిడితేనే బాగుండేది.

టీ తాగే వేళ ఒక ముసలాయన పాత కథలు విప్పాడు. ఇలాంటి జాతరల్లో పెద్దదైన వరల్డ్‌కాన్ 1939లో న్యూయార్క్‌లో మొదలైనప్పుడు ముఖ్య అతిథిగా పిలిచింది రచయితని కాదు, ఫ్రాంక్ ఆర్. పాల్ అనే బొమ్మలాయన్ని! పత్రికల అట్టల మీద రాకెట్లు, వేరే గ్రహాల నగరాలు వేసినాయన. 1960లో పిట్స్‌బర్గ్‌లో ఆ జాతరకి పద్ధతిగా బొమ్మల ప్రదర్శన పెట్టించింది బిజో ట్రింబుల్ అనే అభిమాని. స్టార్ ట్రెక్ సీరియల్ ఆపేస్తారనే మాట వచ్చినప్పుడు ఉత్తరాల ఉద్యమం నడిపిందీ ఆవిడే. ఈ కొక్కేలకీ కాగితాలకీ అలాంటివాళ్లే మూలమన్నమాట.

ఆఖరి గడువు కాగానే మమ్మల్ని తప్ప అందర్నీ బయటికి పంపేశారు. కాగితం కాగితానికీ చివరి పాట కింద ఎర్ర గీత కొట్టుకుంటూ పోయాం, ఇక ఎవరూ రాయకుండా. నోటి వేలంలో బొమ్మ పట్టుకుని కుర్చీల మధ్య నడిచే పని నాకిచ్చారు. డ్రాగన్‌ని గుండెకి ఆనించి, ఉత్సవ విగ్రహం మోస్తున్నట్టు మెల్లగా నడిచాను. వెనకాల ఎవరో సొమ్ము పెంచుతున్నారు. నాకు మాత్రం ఫ్రేము అంచు చేతికి గుచ్చుకోవడమొకటే తెలుస్తోంది. ఇంకో విశేషం, కొన్నవాడికి దక్కేది ఆ బొమ్మ ఒక్కటే. దాన్ని అచ్చువేసుకునే హక్కు గీసినవాడి దగ్గరే ఉండిపోతుంది.

అప్పుడే నువ్వు గుర్తొచ్చావు బావా. మన థియేటర్లున్న క్రాస్‌రోడ్స్‌లో సినిమా మారినప్పుడల్లా పెద్ద గుడ్డ మీద నువ్వు గళ్లు గీసి, నిచ్చెనెక్కి వేసిన ఆ మొహాలు! సినిమా వెళ్లిపోతే అదే గుడ్డకి తెల్లసున్నం పూసి ఇంకో హీరో. ఒక్కదాని మీదైనా నీ పేరు రాశావా? ఫ్లెక్సీలొచ్చాక ఆ పనీ పోయింది. తలుపంత కన్ను ఒక్కటి మాత్రం చింపి తెచ్చుకుని అశోక్‌నగర్ ఇంటి అటక మీద పడేశావు. అక్కయ్య అందులో దిండ్లు మూటకట్టేది.

ఖాళీ వేలం కాగితం ఒకటి అడిగి జేబులో పెట్టుకున్నాను. చిత్రకారుడి పేరు నేను రాసేశాను. ఏ రంగులు కలిపావో, కనీస ధర ఎంతో నువ్వు చెప్పాలి. అటకెక్కి ఆ కన్ను కొలిచి పంపు. అంగుళాల్లో పంపు, ఇక్కడి చెక్కలు చిన్నవి.

నీ
బావ