కొలిమి కడుపుకు ఏ పూత?

మూరెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న ఇనుప గొట్టం. లోపల పెట్టిన కడ్డీ తెల్లగా కాగాలి, బయటి గొట్టం మాత్రం ఎర్రబడకూడదు. ఆ భారమంతా మధ్యలో పరిచిన రెండంగుళాల సరుకుదే. హైదరాబాద్ శివారులో ఓ పెరటి షెడ్డులో కొడవళ్లు, కత్తులు కొట్టే యువకుణ్ని కలవడానికి మేం వెళ్లింది దాని గురించే.

ఆయన తాత కమ్మరి. ఆ కాలపు కొలిమి బొగ్గుతో, తిత్తితో నడిచేది. మనవడిది గ్యాస్ కొలిమి.

"బొగ్గు కొలిమిలో ఇనుము నిప్పుల నడుమే ఉంటుందండీ. చుట్టూ బంకమన్ను మెత్తితే సరిపోతుంది. గ్యాస్ కొలిమిలో గోడ కాగి, ఆ వేడిని ఇనుము మీదికి తిప్పికొట్టాలి" అన్నారాయన.

సొంతంగా కొలిమి కట్టేవాళ్లు తరచూ ఇసుకలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోస్తారు. చవక, పని సులువు. కానీ ప్లాస్టర్‌ను గట్టిగా పట్టి ఉంచేది దానిలో ఇమిడిన నీరే. వేడికి అది పోగానే పట్టు సడలుతుంది. అలా పోసిన పెళ్ల ఒకటి బల్ల మీద ఉంది, వేలితో గీస్తే పొడి రాలింది. మామూలు సిమెంటుదీ దాదాపు అదే కథ. ఏటి రాళ్లు మరీ ప్రమాదం: లోపలి చెమ్మ ఆవిరై రాయి పేలుతుంది.

ఇక మిగిలినవి అగ్గికి ఓర్చేవే, కానీ ఒక్కోదాని గుణం వేరు. బరువైన ఫైర్ బ్రిక్ దెబ్బకు, రాపిడికి ఆగుతుంది. అయితే ముందు తానే బోలెడు వేడి తాగుతుంది కాబట్టి కొలిమి కాగడానికి ఆలస్యమవుతుంది. తేలికపాటి ఇన్సులేషన్ ఇటుక నిండా గాలి రంధ్రాలే. వేడిని బయటికి పోనివ్వదు, కానీ చప్పున పగులుతుంది. దూదిలా ఉండే సిరామిక్ బ్లాంకెట్ వీటన్నిటికన్నా త్వరగా కాగనిస్తుంది. 1260 డిగ్రీల రకం 25 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతుంది. ఆయన రెండు పొరలు చుట్టారు.

దానితో రెండు చిక్కులున్నాయి. సన్నని పోగులు ఊడి గాలిలో కలిస్తే ఊపిరితిత్తులకు చేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో చేర్చింది. రెండోది వెలిగారం. ఇనుముకు ఇనుము అతికేటప్పుడు చల్లే వెలిగారం సుమారు 740 డిగ్రీలకే కరిగి, తగిలిన చోటల్లా బ్లాంకెట్‌ను తినేస్తుంది. అందుకే ఆయన ముందు సిలికా ద్రావణం చల్లి పోగులను బిగదీశారు. ఆపైన అల్యూమినా ఎక్కువగా ఉన్న కాస్టబుల్ (నీళ్లు కలిపి వాడే, అగ్గికి ఓర్చే సిమెంటు) పూత పూశారు. అడుగున మాత్రం బరువైన ఇటుక పలక వదులుగా పరిచారు. వెలిగారం దాన్ని తినేసినప్పుడు పలక ఒక్కటీ మారిస్తే సరి.

ఇలా వేడికి ఓర్చే మట్టి ఎంపికలో తెలంగాణకు పెద్ద చరిత్రే ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవారు. 1820ల్లో అక్కడికి వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ పనిని వర్ణించాడు. ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. 1980ల్లో పరిశోధకురాలు థెల్మా లోవ్ ఆ మూసల పెంకులను పరీక్షించి, మట్టిలో వరి ఊక దండిగా కలిపిన ఆనవాళ్లు చూపారు. ఊక మాడి బొగ్గుగా మారినా, దానిలోని సిలికా చట్రంలా నిలిచి మూసకు బలమిచ్చింది. పొలంలో దొరికే ఊకతో ఉక్కు కరిగే వేడిని తట్టుకునే పాత్ర చేసిన ఆ పనివాళ్ల పేర్లు మనకు అందకపోవడం బాధే.

యువకుడు ఈ సంగతి విని ఊరుకోలేదు. పక్కనే తాత పద్ధతిలో కడుతున్న బొగ్గు కొలిమికి బంకమన్ను, ఊక, దంచిన పాత ఇటుక పొడి కలిపి మెత్తుతున్నారు. పూత నీడలో నెమ్మదిగా ఆరాలి. తర్వాత ఒక్కసారిగా కాకుండా సన్నని మంటతో మొదలుపెట్టి విడతలవారీగా కాల్చాలి. లేకుంటే మిగిలిన తడి ఆవిరై పూతను చీలుస్తుంది. ఆ మంట వేశాక రెండు కొలిముల్లోనూ ఒకే కొలత కడ్డీలు పెట్టి, ఏది ఎంత ఇంధనంతో తెల్లగా కాగుతుందో రాసుకుంటానని ఆయన అన్నారు.