తూము మూత

కంభం చెరువుకట్టపై నడచి, కొండల నడుమ నిలిచిన గుండ్లకమ్మ నీటిని చూచి ఆనందించని విద్యార్థి మనలో ఉండడు. వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధి చెందిన ఆ చెరువు క్రింద మాకు కొద్దిపాటి మాగాణి ఉండేది. “పైరుకు నీరెంత ముఖ్యమో, తూముకు మూత అంత ముఖ్యం, బేటా” అని మా అబ్బాజాన్ తరచు అనేవారు. ఆ మాటలోని లోతు చాలా ఏళ్ల తరువాత హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో నాకు బోధపడింది.

అక్కడ నాకు అప్పగించినది చిటికెన వ్రేలంత గొట్టం. అందులో ఉన్నది పీడీ-1 అనే ప్రోటీను. మన రక్తంలోని టి-కణాలు రోగాలతో పోరాడే సైనికులు. వాటి ఉపరితలంపై పీడీ-1 తూము మూత వలె ఉంటుంది. ఇతర కణాలపై ఉండే పీడీ-ఎల్1 దానికి తగులుకొన్నప్పుడు మూత దిగి, టి-కణపు విజృంభణ తగ్గుతుంది. 1992లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హొంజో బృందం దీని జన్యువును కనుగొన్నది. 1999లో ఆ జన్యువు లేని ఎలుకలను పరిశీలించగా, వాటి రక్షణసేన సొంత దేహంపైనే తిరుగబడినట్లు తేలింది. మూత లేని తూము పైరును ముంచదా?

అయితే క్యాన్సరు కణం కపటి. అది పీడీ-ఎల్1ను తానే ధరించి, మూతను దింపించి తప్పించుకొంటుంది. ఆ కపటాన్ని ఛేదించే చికిత్సకు దారి చూపినందుకు హొంజోకూ, సీటీఎల్ఏ-4 అనే మరొక మూతపై కృషి చేసిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అలిసన్‌కూ 2018లో నోబెల్ బహుమతి లభించింది.

మా గొట్టంలోనిది మనిషి దేహం నుండి తీసినది కాదు. మానవ జన్యువును ప్రయోగశాలలో పెంచిన కణాలలో ప్రవేశపెట్టి, అవి తయారుచేసిన ప్రోటీనును శుద్ధిచేస్తారు. దీనినే రీకాంబినెంట్ ప్రోటీను అంటారు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసినది ఈ విద్యతోనే. 96 గుంటల ప్లాస్టిక్ పళ్లెంలో ఈ ప్రోటీనును అంటించి, క్రొత్త ప్రతిరక్షకాన్ని పోసి పరీక్షిస్తాము. అది ప్రోటీనుకు అతుక్కొన్నదో లేదో చివరకు రంగు చెబుతుంది.

ఒక రాత్రి నా అజాగ్రత్త వలన గొట్టం బల్లపైనే ఉండిపోయింది. మరునాడు రంగు వెలవెలబోయింది. తప్పు ఒప్పుకొనే ధైర్యం లేక, “ప్రతిరక్షకం పనికిరాదు” అని పుస్తకంలో వ్రాసి ఊరికి వచ్చాను. అప్పటికే అబ్బాజాన్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో మంచం పట్టి ఉన్నారు.

“నీ గొట్టంలోనిది నాకు పనికిరాదా, బేటా?” అని అడిగారు.

“అది మందు కాదు, అబ్బా. మందును పరీక్షించే గీటురాయి మాత్రమే.”

ఆయన కొంతసేపు మౌనం వహించి, “అయితే గీటురాయిని జాగ్రత్తగా ఉంచు. అది చెడితే మేలిమి బంగారాన్ని కూడా పారవేస్తారు” అన్నారు.

సోమవారం నాడు పుస్తకంలోని ఆ వాక్యాన్ని కొట్టివేసి, జరిగినదంతా పెద్దలకు చెప్పాను. చీవాట్లు తిన్నాను. క్రొత్త గొట్టంతో మరల పరీక్షించగా రంగు నిండుగా వచ్చింది.

ఆ తరువాతి రంజాను అబ్బాజాన్ చూడలేదు. సోదర విద్యార్థులారా! నేటికీ గొట్టాన్ని మంచుపెట్టెలో భద్రపరచేటప్పుడు, తూము మూతపై చేయి వేసి నిలిచిన ఆయనే నాకు కనిపిస్తారు.