మజ్జిగలో మాత్ర

అమెరికాలో, అల్ఫారెట్టాలోని నా క్లినిక్‌కి ఆ అబ్బాయిని వాళ్లమ్మ వెంటబెట్టుకుని వచ్చింది. స్కిజోఫ్రీనియా. ఓలాంజపిన్ 10 మిల్లీగ్రాములు రాసి మూడు నెలలైంది. చెవిలో మాటలు తగ్గాయి గానీ మధ్యాహ్నం దాకా లేవడట. నా ఎదుటే కునుకు తీస్తున్నాడు. జబ్బు తెచ్చే మందకొడితనమే అనుకుని ఇంకో మందు చేర్చబోయాను.

అబ్బాయిని బరువు చూపించుకు రమ్మని పంపి, "రాత్రి మాత్ర ఎవరిస్తారమ్మా?" అని అడిగాను.

"వాడే వేసుకుంటానంటాడండీ. నాకు నమ్మకం కుదరక మజ్జిగలో నేనూ ఒకటి కలిపిస్తున్నాను."

గుంటూరు నుంచి తెచ్చుకున్న సంచిలోంచి మాత్రల అట్ట తీసింది. పేరు వేరు, మందు అదే, 10 మిల్లీగ్రాములే. అబ్బాయి కూడా నిజంగానే వేసుకుంటున్నాడు. అంటే రోజుకు 20. నేను చేర్చబోయిన మందు దానిమీద పడేది.

బరువు 9 కిలోలు పెరిగింది. ఈ మందులు మొదలుపెట్టాక 4, 8, 12 వారాలకు బరువు, 12వ వారానికి పరగడుపు షుగర్ చూడాలని అమెరికా మధుమేహ, మానసిక వైద్య సంఘాలు 2004లోనే చెప్పాయి. మన ఆసియా వాళ్లకైతే బీఎమ్ఐ 23కి చేరగానే షుగర్ మీద కన్నేయాలి. నేను మధ్యలో ఒక్కసారీ తూచలేదు. ఆ తప్పు నాది.

ఆ రాత్రే తల్లి కొడుకుతో సంగతి చెప్పేసింది. నెల రోజులు అతను ఇంట్లో మజ్జిగ ముట్టలేదు. అతని కోపం న్యాయమైనదే.

మరొకాయన, స్కిజోఫ్రీనియాకే వాడే క్లోజపిన్ అనే మందు మీద ఏళ్లుగా నిలకడగా ఉన్నాడు. ఇంట్లోకి పసిబిడ్డ వస్తోందని సిగరెట్ మానేశాడు. అందరూ మెచ్చుకున్నారు. రెండు వారాలు తిరక్కుండానే చొంగ, తూలడం, మత్తు. సిగరెట్ పొగ కాలేయంలో ఈ మందును త్వరగా కరిగించేస్తుంది. పొగ ఆగితే అదే మోతాదుకు రక్తంలో మందు సగానికి సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది. నికోటిన్ ప్యాచ్ వేసుకున్నా ఇంతే. పని చేసేది పొగ, నికోటిన్ కాదు. ఇప్పుడు ఈ మందు వాడుతూ పొగ తాగేవాళ్లందరికీ ముందే చెబుతున్నాను: మానండి, కానీ మానే ముందు నాకు ఫోన్ చేయండి.

క్లోజపిన్ తెల్లకణాలను పడగొట్టగలదని 1975లో ఫిన్లాండ్‌లో జరిగిన మరణాలు నేర్పాయి. అందుకు చేసే రక్తపరీక్షల ఫలితాలను రిజిస్ట్రీకి పంపాలన్న నిబంధనను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో తీసేసింది. రక్తపరీక్ష అవసరం మాత్రం పోలేదు. మలబద్ధకం కూడా ప్రాణం తీయగలదు. విరేచనం సంగతి చెప్పడానికి మనవాళ్లకు మొహమాటం, అందుకే నేనే అడుగుతాను.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు నా మనవి: క్లినిక్‌కి వచ్చేటప్పుడు మీ మందుల సంచి కూడా తీసుకురండి. మజ్జిగలో కలిపినా సరే, చెప్పండి. నేను కోప్పడను.