ఆదివారం పనికి రాము

ఆదివారం అంటే సెలవు. పొద్దెక్కేదాకా నిద్ర, వంటింట్లో కోడికూర వాసన, చేతిలో ఈ పుస్తకం. అదే ఆదివారం నూట యాభై ఏళ్ల కిందట ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని కుటుంబాల పొట్ట కొట్టింది. వాళ్లకు బావి నీళ్లు కూడా అందకుండా చేసింది. వాళ్లు చేసిన నేరమల్లా వారంలో ఒక్కరోజు పనికి రామని చెప్పడమే!

అందులో అంత నేరం ఏముందో అర్థం కావాలంటే అప్పటి ఊరు ఎలా నడిచేదో తెలియాలి. మోట బావికి తోలు బొక్కెన కావాలి. ఎద్దులకు తోలు పట్టీలు కావాలి. కాళ్లకు చెప్పులు కావాలి. గొడ్డు చస్తే లాక్కెళ్లాలి. జాతరకు, పెళ్లికి, చావుకు డప్పు మోగాలి. ఇవన్నీ మాదిగపల్లె చెయ్యాల్సిన పనులు. వాటికి జీతం లేదు, కూలి లెక్కా లేదు. పంట నూర్చినప్పుడు కళ్లంలో రైతు కొలిచి పోసే మేర గింజలే ఏడాది తిండి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాలి. రానని చెప్పే హక్కు ఎవరి తాతకూ లేదు. అలాంటి మనిషి వచ్చి ‘ఈరోజు ఆదివారం, పనికి రాను’ అంటే?

ఈ కథ యర్రగుంట్ల పేరయ్యతో మొదలవుతుంది. ఆయనది ఒంగోలుకు నలభై మైళ్ల దూరంలోని తల్లకొండపాడు. తోళ్ల వ్యాపారం. తోళ్లు కొనడానికీ అమ్మడానికీ ఊళ్లకు ఊళ్లు నడిచి తిరిగేవాడు. తిరిగే కాళ్లతో పాటు వెతికే మనసు కూడా ఉన్నట్టుంది. రాజయోగం చెప్పే గురువుల దగ్గర శిష్యరికం చేశాడు. ఏళ్ల తరబడి ధ్యానం చేశాడు. చుట్టుపక్కల మాదిగపల్లెల్లో ఆయన్ని గురువుగా చూసేవాళ్లూ ఉండేవారు. అంటే, అప్పటిదాకా ఏ నమ్మకమూ లేక ఎవరో చెప్పగానే తలూపిన మనిషి కాదన్నమాట. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరులో ఒక ఇంగ్లిష్ మిషనరీ దగ్గర క్రీస్తు మాట విన్నాడు. ఇన్నాళ్లూ వెతుకుతున్నది దొరికిందనుకున్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇచ్చింది లైమన్ జ్యూయెట్ అనే అమెరికన్ బాప్టిస్టు.

ఈ జ్యూయెట్ సంగతీ కొంచెం చెప్పుకోవాలి. 1849లో నెల్లూరు వచ్చాడు. అక్కడి మిషన్‌లో చేరినవాళ్లు ఎంత తక్కువంటే, దాన్ని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చ పెట్టారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఎవరినైనా పంపమని ప్రార్థించారు. మొత్తం అయిదుగురు. ఆ ‘ఎవరైనా’ రావడానికి పన్నెండేళ్లు పైనే పట్టింది. 1866 సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. ఒంగోలులో క్లౌపేట అని ఉంది చూశారా, ఆ పేరు ఆయనదే.

క్లౌ వచ్చేసరికే పేరయ్య తన పని మొదలుపెట్టేశాడు. నాగమ్మకూ ఆయనకూ ఏ ఊరెళ్లినా చుట్టాలే. వ్యాపారం మీద తెలిసినవాళ్లు కొందరు, యోగం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు కొందరు. తను నమ్మింది వాళ్లకు చెప్పాడు. దాచుకోవాలనుకుంటే దాచుకోవచ్చు. ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకుంటే అడిగేవాడెవడు? తోళ్ల వ్యాపారికి ఊరి పెద్దలతో మంచిగా ఉండటం చాలా అవసరం. అయినా ఊరుకోలేదు. పేరయ్య ఒంగోలు వచ్చి పిలిస్తే 1867 జనవరిలో క్లౌ తల్లకొండపాడు వెళ్లాడు. చింతతోపులో కూర్చుని రోజుల తరబడి మాట్లాడారు. చివరికి ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం ఇచ్చారు. అదే నెల 1న ఒంగోలులో సంఘం మొదలైనప్పుడు ఉన్నది ఎనిమిది మందే!

చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఎంత చిన్నవో! కానీ మొదటిది పాటిస్తే రైతుకు కోపం. మూడోది పాటిస్తే జాతరలో డప్పు కొట్టేవాడుండడు కాబట్టి ఊరు మొత్తానికీ కోపం. ఇక రెండోది పాటిస్తే ఎవరికీ నష్టం లేదు, తన పిల్లలు పస్తుండటం తప్ప. నియమం పెట్టింది దొర. ఆకలి మాత్రం వీళ్లది. ఈ తేడాను మిషన్ చరిత్రలు రాసినవాళ్లు గట్టిగా చెప్పరు గానీ, చెప్పుకోవాల్సింది అదే.

ఊళ్లు ఊరుకోలేదు. బావుల దగ్గరికి రానివ్వలేదు. చాకలివాళ్లను బట్టలు ఉతకొద్దన్నారు. కుమ్మరివాళ్లను కుండలు అమ్మొద్దన్నారు. బీళ్లలోంచి వీళ్ల గొడ్లను తరిమేశారు. చెప్పులు కుట్టే పని ఇవ్వడం మానేశారు. నూర్పిళ్ల వేళ మేర ఎగ్గొట్టారు. లేని నేరాలు మోపిన సందర్భాలూ ఉన్నాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న కక్షలా అనిపిస్తుంది. అన్నీ కలిపి, సెంటు భూమి లేని కుటుంబం మీద పెట్టి చూడండి. కొందరు భయపడి ఉండొచ్చు, కొందరు వెనక్కి వెళ్లి ఉండొచ్చు. భయపడనివాళ్లే దేవుడి మనుషులని ఎవరన్నారు? అయినా ఆ పల్లెల్లో చాలామంది నిలబడ్డారు. ‘ఆదివారం పనికి రాము’ అనే మాట ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు పాకింది.

పరీక్ష క్లౌకూ తప్పలేదు. ఒంగోలులో ఆయన పెట్టిన బడికి అగ్రకులాల పిల్లలు వచ్చేవారు, వాళ్ల పెద్దలు ఆయనతో బాగుండేవారు. మాదిగలు సంఘంలోకి, బడిలోకి వస్తారనగానే మిగిలిన పిల్లలు వెళ్లిపోయారు. వీళ్లా, వాళ్లా? ఏం చెయ్యాలో తోచక భార్యాభర్తలు చెరో గదిలో బైబిల్ తెరిచారట. ఇద్దరికీ కనబడింది కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం. లోకం తక్కువగా చూసేవాళ్లను దేవుడు ఎంచుకున్నాడని చెప్పే మాటలు. క్లౌ మాదిగల వైపు నిలబడ్డాడు. ఆయన పోగొట్టుకున్నది కొందరు విద్యార్థులను, కొంత మర్యాదను. పేరయ్య మనుషులు పోగొట్టుకున్న దాంతో దానికి పోలిక లేదు. అయినా, అది పోగొట్టుకోవడానికి సిద్ధపడినవాళ్లు కూడా అప్పట్లో ఎంతమంది?

ఇక్కడ ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘కూటి కోసమే కదా అంతమంది చేరింది?’ ఒంగోలు గురించి ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. కారణం 1876-78 కరువు. అప్పటి నెల్లూరు జిల్లాలో జనం రాలిపోతుంటే, క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. మాదిగ బోధకులే మేస్త్రీలుగా ఉండి పని చేయించారు. సాయంత్రాలు అక్కడే సువార్త చెప్పేవారు. విన్నవాళ్లు బాప్తిస్మం ఇమ్మన్నారు. క్లౌ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం ముగిశాక 1878 జులైలో ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున జనం మూగారు. 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536! నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని. క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు.

ఆ 2,222 అంకె ప్రపంచమంతా తిరిగింది. అన్నం పెట్టిన చేతిని మరిచిపోలేక వచ్చినవాళ్లు అందులో ఉండరా అంటే, ఉంటారు. ఉంటే తప్పేముంది? కానీ పై ప్రశ్నకు జవాబు గుండ్లకమ్మ దగ్గర దొరకదు. అంతకు పదకొండేళ్ల ముందు, తల్లకొండపాడు చింతతోపులో దొరుకుతుంది. అప్పుడు కాలువా లేదు, కూలీ లేదు. చేరితే ఉన్న మేర పోతుందని తెలిసీ చేరారు ఆ ఇరవై ఎనిమిది మంది.

వాళ్ల గురించి ఈమాత్రమైనా తెలియడానికి ఒక పుస్తకం కారణం. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగ బోధకుల బతుకులను, వాళ్లు చెప్పుకునే కథలను రాసి పెట్టుకుని, ‘వైల్ సూయింగ్ శాండల్స్’ పేరుతో 1899లో ప్రచురించింది. చెప్పులు కుడుతూ అని అర్థం. పేదల బాగే సువార్త అని అమెరికాలో బోధించిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె అక్క. తమ్ముడి పేరు మతం చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. అక్క పుస్తకం ఒంగోలులోనే ఎంతమందికి తెలుసో!

ఇప్పుడు అదే ప్రాంతంలో ఆదివారం పనికి రానంటే బావి మూసేవాళ్లు లేరు. మేరలూ పోయాయి, మోటలూ పోయాయి. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కింద వస్తారు. వాళ్ల రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకే కోస్తాలోని పల్లెల్లో చాలామందికి రెండు పేర్లు. చర్చిలో పిలిచేది ఒకటి, సర్టిఫికెట్‌లో ఉండేది ఇంకొకటి. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని పాడే కుటుంబం కూడా కాగితం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది. వాళ్లను తప్పుపట్టడం తేలిక. ఊళ్లో వివక్ష చూపేవాడు చర్చికి వెళ్తున్నావని వదిలిపెట్టడు, ప్రభుత్వం మాత్రం చర్చికి వెళ్తున్నావు కాబట్టి నువ్వు ఎస్సీవి కాదంటుంది. పిల్లల చదువును పణంగా పెట్టమని ఏ నోటితో చెప్పగలం?

చిత్రమేమిటంటే పేరయ్య పేరు మార్చుకోలేదు. నాగమ్మా అంతే. ఎమ్మా పుస్తకంలో ఇంటిపేరుతో సహా యర్రగుంట్ల పేరయ్యే. పేరులో కొత్తగా ఏమీ చేరకపోయినా ఆయన క్రైస్తవుడని నలభై మైళ్ల మేర అందరికీ తెలుసు.

ఆయన తిరిగిన దారుల్లో ఇప్పుడు మీసేవ కేంద్రాలున్నాయి. కౌంటరు దగ్గర దరఖాస్తు నింపుతున్న తండ్రి చేతిలో పెన్ను గబగబా కదులుతుంటుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం... మతం అని ఉన్న గడి దగ్గర కాసేపు ఆగుతుంది.