మందగమన



తెలుగు పండితునిగా మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. ‘మంద’ అనే విశేషణం ఎంత చిత్రమైనదో పిల్లలకు తప్పక వివరించేవాణ్ణి. నడకకు చేరిస్తే ‘మందగమన’, కావ్యనాయికకు అది ప్రశంస. బుద్ధికి చేరిస్తే ‘మందబుద్ధి’, అది తిట్టు. ఆ తిట్టును నేనే ఒక పిల్ల పేరు పక్కన రిజిస్టరులో ఎర్రసిరాతో వ్రాశానన్న సంగతి మాత్రం ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి. ఒత్తులు పలికేది కాదు. పద్యంలో ఒక్క పాదమైనా నోట నిలిచేది కాదు. అయితే బడిగంట మ్రోగే వేళకు పొలంగట్ల మీదుగా ఆమె పరుగెత్తి వచ్చే తీరు చూడవలసిందే. మండలం ఆటల పోటీలకు డ్రిల్లు మాస్టారు ఆమె పేరు వ్రాసుకోబోతే నేనే వారించాను. “చెప్పింది అర్థం చేసుకోలేని పిల్ల. పరాయి ఊళ్ళో నవ్వులపాలవుతుంది, వద్దులెండి” అన్నాను. అది దయ అనుకున్నాను. ఆటల పీరియడులో ఆమె వేపచెట్టు నీడన కూర్చుని తోటివారి చెప్పులకు కాపలా కాసేది. మరుసటి ఏడు బడికి రాలేదు.

2024 సెప్టెంబరు 3 రాత్రి పారిస్ పారాలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల టి20 ఫైనల్ చూశాను. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి 55.82 సెకన్లలో పరుగు ముగించి కాంస్యం గెలిచింది. ఆ ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినదీ ఆమెయే. టి20 అంటే మేధోవైకల్యం గలవారి విభాగం. 2000లో సిడ్నీలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండుమందికి పదిమంది అసలు వైకల్యమే లేనివారని బయటపడింది. దానితో ఇటువంటి క్రీడాకారులందరికీ పారాలింపిక్స్ తలుపులు మూసుకుపోయాయి. 2012 లండన్ క్రీడల్లో గాని మళ్ళీ తెరుచుకోలేదు. అక్కడ తలుపు మూయించినది మోసం. మా బడిలో మూసినది నా జాలి.

దీప్తి పరుగును మొదట గుర్తించినది ఆమె బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. తరువాత ద్రోణాచార్య పురస్కార గ్రహీత నాగపురి రమేశ్ ఆమెను తీర్చిదిద్దారు. 400 మీటర్ల పరుగు కేవలం కాళ్ళ పని కాదు. మొదటి మలుపులోనే సత్తువంతా వెచ్చిస్తే చివరి వంద మీటర్లలో కాళ్ళు బరువెక్కుతాయి. ఎంత దాచుకోవాలి, ఎప్పుడు వెచ్చించాలి అన్న అంచనాయే ఈ పిల్లలకు కష్టం. కనుక ఇక్కడ ఉపన్యాసాలు పనికిరావు. ఒకసారికి ఒక్క మాట చెప్పాలి, చేసి చూపాలి, అదే వరుసలో మళ్ళీ మళ్ళీ చేయించాలి. మనసు పట్టుకోలేని లెక్కను క్రమంగా దేహం పట్టుకుంటుంది.

ఆలోచిస్తే, ఇది మనం పద్యం వల్లె వేయించే పద్ధతే కదా! నాకు బాగా తెలిసిన విద్యే. తెలివైన పిల్లల కోసం ఎంతో ఓపిక ఖర్చుచేశాను. దాని అవసరం అందరికంటె ఎక్కువగా ఉన్న పిల్లను నీడన కూర్చోబెట్టాను.

పోయిన సంక్రాంతికి ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆమె ఎదురైంది. “బాగున్నారా పంతులుగారూ?” అని నవ్వుతూ పలకరించింది. క్షమించమందామనుకున్నాను, నోరు పెగలలేదు. ఇన్ని సమాసాలు నేర్చిన నాలుక అది.

మీలో ఉపాధ్యాయులున్నారు. మీ బడి వేపచెట్టు కింద ఎవరు కూర్చున్నారో రేపొకసారి చూడండి.