పల్లవి అందుకోండి!

పిల్లలూ, మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళే బస్సు మీరెప్పుడైనా ఎక్కదలిస్తే శనివారం నాడు ఎక్కండి. పుంగనూరు దగ్గర సుమారు మూడడుగుల ఎత్తుండే పొట్టి ఆవులు కనిపిస్తాయేమో చూడండి. చీకటి పడేవేళకు ఏ పల్లెలోనో రామాలయం నుంచి తాళాల చప్పుడు వినిపించవచ్చు. అది భజన. దానికి టిక్కెట్టు లేదు, పిలుపూ అక్కరలేదు. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. కాని కూర్చోవటానికి ఒక పద్ధతి ఉన్నది.

ఆ పద్ధతి నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఇరవైమూడో ఏట నాకు కుప్పం దగ్గర ఒక పల్లెలో బడిపంతులు ఉద్యోగమయింది. మూడు రాష్ట్రాలు కలిసేచోటు కదా, ఒక ఇంట తెలుగు, పక్కింట తమిళం, ఆ పక్కన కన్నడం! నాకు ఊళ్ళో ఒక్కరూ తెలియదు. మొదటి శనివారం రాత్రి భజన వినబడగానే ప్రాణం లేచివచ్చింది. గబగబా లోపలికి పోయి, నేలమీదున్న తాళాలు తీసుకుని ఉత్సాహంగా వాయించసాగాను. నా వేగానికి మృదంగం తడబడింది. పాట ఆగిపోయింది. అందరూ నావంక చూశారు. ఇక ఈ ఊళ్ళో తలెత్తుకోలేననుకున్నాను.

పాట చెప్పే ముసలాయన కోప్పడలేదు. "అయ్యోరూ, ఇట్లా రాండి," అని నన్ను మృదంగం పక్కన కూర్చోబెట్టాడు. "ముందు రెండు పాటలు ఇనండి. తాళం తొడమీద ఏసుకోండి. పల్లవి మాత్రం గట్టిగా అందుకోండి!" అన్నాడు.

ఒకరు చెప్పిన చరణాన్ని అందరూ తిరిగి పాడతారు గనుక పాట రానివాడికి కూడా అక్కడ పని ఉంటుంది. నడక మృదంగానిది; తాళాలవాళ్ళు దాన్ని విని వేయాలి. మన వంతు వస్తే, ఏ కట్టెలో పాడతామో హార్మోనియం ఆయనకు ముందే చెప్పాలి.

నాలుగో శనివారం నాకు వంతు వచ్చింది. నా విద్య చూపించాలని సంగతులు నిండిన పెద్ద కీర్తన ఎత్తుకున్నాను. ఎవరికీ అందలేదు. చివరిదాకా నేనొక్కణ్ణే పాడాను. అది కచేరీ అయింది గాని భజన కాలేదు! అయినా నా దోసిట్లో అందరికంటె ఎక్కువ గుగ్గిళ్ళు పోశారు. ఆ మరుసటి వారం నుంచి నలుగురికీ తెలిసిన చిన్న పాటలే పాడాను.

ఇప్పుడు బయలుదేరిన మదనపల్లెకే తిరిగివద్దాం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు అక్కడి థియోసాఫికల్ కళాశాలకు వచ్చారు. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపాలు. ఒక సాయంకాలం కళాశాలవారు పాటలు పాడుకుంటూ ఉండగా, అంతటి మహాకవి తానూ ఒక పాట పాడతానన్నారు. అది జనగణమన. అక్కడివారికి పాట కొత్త, భాష బెంగాలీ. మొదటి చరణం చివర పల్లవి రాగానే చెవులు నిక్కించారట. రెండోసారి గొంతులు సవరించుకున్నారట. మళ్ళీ మళ్ళీ పాడించుకుని, చివరకు అందరూ ఎలుగెత్తి పాడారని కజిన్సే రాసుకున్నారు.

ఫిబ్రవరి 28న ఠాగూరు ఆ పాటను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. 1950 జనవరి 24న అది మన జాతీయగీతమయింది. ఉదయం బడిలో మీరు పాడుతున్నది ఆ పాటనే.